ఆంటీ అనిపించుకోవాలంటే...

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కొత్తగూడెం బస్టాండ్‌లో ఒక కుర్రాడు "ఆంటీ, కొంచెం జరగరా" అన్నాడు. మీసాలొచ్చిన కుర్రాడు! నాకేమో ముప్పై ఒకటి. జడ వేసుకున్నందుకా, రెండు చేతుల్లో సంచులున్నందుకా అని దారి పొడుగునా ఆలోచించాను. ఇంటికెళ్లి చెల్లికి చెబితే, ఓదార్చకపోగా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. మీలో చాలామందికి ఈ అవమానం జరిగే ఉంటుంది. లేదంటే మీరే ఎవరికో చేసి ఉంటారు.

నేనుండే ఊళ్లో మాత్రం ఆ పిలుపు ఊరికే రాదు. దానికి సగం జీవితం పెట్టాలి.

ఆ ఊరి పేరు డార్విన్. ఆస్ట్రేలియా మ్యాప్‌లో నడినెత్తిన ఉంటుంది. సిడ్నీ కంటే జకార్తానే దగ్గర. మా ఆయన చెఫ్. పెద్ద నగరాల్లో పీఆర్ పాయింట్లు కుదరక ఇటొచ్చాం. అక్టోబరు వచ్చిందంటే విజయవాడ మే నెల గుర్తొచ్చేంత ఉక్క. మామిడికాయలూ అప్పుడే వస్తాయి, అదొక్కటే ఓదార్పు. భర్త వీసా మీద వచ్చిన మనమ్మాయిలు ఇక్కడ ఎక్కువగా రెండు దార్లలో ఒకటి పడతారు. ముసలివాళ్లను చూసుకునే ఏజ్డ్ కేర్, లేదా పిల్లల్ని చూసుకునే చైల్డ్ కేర్. నాకు బీఈడీ ఉంది కానీ ఇక్కడ దాంతో నేరుగా పని దొరకదు. సరేనని చైల్డ్ కేర్ డిప్లొమాలో చేరాను. కోర్సులో భాగంగా ఏదో ఒక సెంటర్‌లో ప్లేస్‌మెంట్ చేయాలి. ఆంటీ అక్కడే పరిచయం.

యాభై దాటిన మనిషి. నెరిసిన ఉంగరాల జుట్టు, కాళ్లకు హవాయి చెప్పులు, టీలో మూడు చెంచాల పంచదార. మూడేళ్ల పిల్లాడి దగ్గర్నుంచి సెంటర్ డైరెక్టర్ దాకా అందరూ ఆవిడను ఆంటీ అనే పిలుస్తున్నారు. వయసు ఎత్తిచూపుతున్నారేమో అని మొదటిరోజు నేనే ఇబ్బంది పడ్డాను. తర్వాత తెలిసింది. ఇక్కడి ఆదివాసీల్లో, అంటే అబోరిజినల్ జనంలో, ఆ పిలుపు ఒక పదవి లాంటిది. తన వాళ్ల కోసం ఏళ్ల తరబడి నిలబడిన ఆడమనిషిని, చిన్నవాళ్లు నలుగురూ తలెత్తి చూసే మనిషిని అలా పిలుస్తారు. ఎవరికి వాళ్లు తగిలించుకునేది కాదు. నేనూ అలా పిలవొచ్చా అని భయంభయంగా అడిగితే ఆవిడ పగలబడి నవ్వారు. "మీ ఇండియావాళ్లు దారినపోయే అందర్నీ ఆంటీ అంటారటగా. నువ్వు కాస్త ఆగు. పనిచెయ్యడం చూశాక చెప్తా."

ఆవిడ పేరు ఇక్కడ రాయను. అడిగాను. రాయాలంటే ముందు మా వాళ్లందర్నీ అడగాలి, అదంతా పెద్ద పని, వదిలెయ్ అన్నారు.

ప్లేస్‌మెంట్‌లో నాకిచ్చిన పని ఒక పిల్లాణ్ని మూడు వారాలు గమనించి రిపోర్టు రాయడం. నాలుగేళ్ల బుడ్డోడు ఒకణ్ని ఎంచుకున్నాను. ఆర్నెమ్ ల్యాండ్ అని డార్విన్‌కి తూర్పున పెద్ద ఆదివాసీ ప్రాంతం ఉంది. వాళ్లది అక్కడ ఓ మారుమూల ఊరు. నానమ్మకు డయాలసిస్ కోసం కుటుంబం మొత్తం సిటీకి వచ్చేసింది. నేను రాసింది ఇదీ: "పిలిస్తే పలకడు. కళ్లలోకి చూడడు. ప్రశ్నకు జవాబివ్వడు. మాటల్లో స్పష్టత లేదు. ఎదుగుదలలో ఆలస్యం ఉన్నట్టుంది." నా ఇంగ్లీషు చూసుకుని నాకే ముచ్చటేసింది. ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు మరి!

పై టీచర్‌కి ఇచ్చేముందు ఆంటీకి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"వీడికి దాహమేస్తే ఏం చేస్తాడు?"

"ఏం అడగడు ఆంటీ. ట్యాప్ దగ్గరికి పోయి గప్ గప్ అంటాడంతే."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "గపు. వాళ్ల యోల్ంగు భాషలో నీళ్లు. మూడు వారాల్నుంచీ పసివాడు నిన్ను నీళ్లడుగుతున్నాడు."

నాకు నోట మాట రాలేదు.

ఆ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆవిడ నా రిపోర్టుని వాక్యం వాక్యం విప్పారు. కళ్లలోకి చూడకపోవడం ఇక్కడ చాలా ఇళ్లలో పెద్దలకిచ్చే మర్యాద. (మా నానమ్మ ఎదురుగా తలెత్తి గుడ్లప్పగించి చూస్తే నాకేం జరిగేదో నాకు తెలుసు. అయినా తట్టలేదు.) ఇక ప్రశ్నలు. ఎర్ర బంతి చేత్తో పట్టుకుని, ఇదేం రంగు అని అడుగుతున్నాను. "అది ఎరుపని నీకు తెలుసు. వాడికీ తెలుసు. ఇద్దరికీ తెలిసిందాన్ని ఎందుకడుగుతున్నావో వాడికి అర్థం కాలేదు. మా ఇళ్లలో అలా అడగరు." మాటల సంగతి సరే సరి. యోల్ంగు వాళ్లలో తండ్రి వైపు భాష ఒకటి, తల్లి వైపు భాష ఇంకోటి. ఇరుగుపొరుగుతో మాట్లాడేది మరోటి కావచ్చు. ఇంగ్లీషు ఆ తర్వాత వస్తుంది. "నాలుగేళ్లప్పుడు నీకెన్ని భాషలొచ్చు?" అని అడిగారు. ఒకటే అన్నాను. "మరి నీ ఎదుగుదల సంగతి ఎవరు రాశారు?"

పిలిస్తే పలకకపోవడాన్ని మాత్రం ఆవిడ తేలిగ్గా తీసుకోలేదు. ఇక్కడి మారుమూల ఊళ్ల పిల్లల్లో చెవిలో ఇన్ఫెక్షన్లు మరీ ఎక్కువ. నెలల తరబడి లోపల చీము, నీరు నిలిచి వినికిడి తగ్గిపోతుంది. వినపడని పిల్లాడు బడిలో మొద్దు అనో మొండి అనో పేరు తెచ్చుకుంటాడు. "ముందు చెవులు చూపించు. ఆ తర్వాత రాయి. ఈ కాగితం వాడితో పాటు వచ్చే ఏడాది బడికెళ్తుంది. వాడి కంటే ముందే టీచర్ చేతికి చేరుతుంది."

రాత్రి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను లైటు వేయకుండా కూర్చుని ఉన్నాను. నా మనసులో ఉన్నది బుడ్డోడు కాదు, ఇంకో పిల్ల.

బీఈడీ అయ్యాక ఏడాదిపాటు విద్యా వలంటీరుగా చేశాను. చర్ల వైపు ఓ కోయ గూడెం బడి. ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తున్నాను. గ్లాసులో నీళ్ల బొమ్మ చూపించాను. ముందు వరసలో రెండు పిలకల పిల్ల టక్కున లేచి "ఏరు" అంది. నాకు నవ్వొచ్చింది. "ఏరంటే వాగే పిచ్చిపిల్లా. గ్లాసులో ఏరేంటి? వరదొచ్చిందా?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కోయ భాషలో ఏరు అంటే నీళ్లేనని మధ్యాహ్న భోజనం వండే ఆవిడ చెప్తే తెలిసింది. అయ్యో అనుకున్నాను, అంతే. ఆ పిల్ల తర్వాత ఏడాదంతా నా క్లాసులో నోరు తెరవలేదు. సిగ్గరి పిల్ల అని రిజిస్టర్‌లో రాసింది కూడా నేనే.

మర్నాడు ఆంటీకి ఇది చెప్పాను. ఊరుకోమ్మా, తెలియక చేశావు అంటారనుకున్నాను. అనలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ తాగడం అయ్యాక, "నాకు అలాంటి టీచర్లు చాలామంది. వాళ్లలో ఒక్కరు కూడా ఇలా వచ్చి చెప్పలేదు" అని కప్పు కడిగి వెళ్లిపోయారు.

అప్పట్నుంచి ఆవిడ తన సంగతులు కొంచెం కొంచెంగా చెప్పడం మొదలుపెట్టారు. పంతొమ్మిదేళ్లకే ఊరి బడిలో అసిస్టెంట్‌గా చేరారు. దక్షిణం నుంచి కొత్త టీచర్ వస్తారు. ఈవిడ పాఠం అనువదించాలి, ఏడ్చేవాణ్ని ఊరుకోబెట్టాలి, ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోకూడదో చెప్పాలి. ఏడాదికో రెండేళ్లకో ఆ టీచర్ సామాను సర్దుకుంటారు, ఇంకొకరు వస్తారు. మళ్లీ మొదటికి. "పిల్లలకంటే టీచర్లకే ఎక్కువ పాఠాలు చెప్పా. జీతం మాత్రం అసిస్టెంట్‌దే."

ఇది ఒక్కరి కథ కాదని నా అసైన్‌మెంట్ కోసం చదువుతుంటే తెలిసింది. డార్విన్‌కి దక్షిణాన వంద కిలోమీటర్ల దూరంలో బ్యాచిలర్ అనే చిన్న ఊరుంది. పేరు చూసి నవ్వకండి, పెళ్లికాని వాళ్ల ఊరేం కాదు. అక్కడ ఆదివాసీల కోసమే ఒక కాలేజీ ఉంది. 1960ల్లో బడుల్లో సాయం చేసే ఆదివాసీ సహాయకులకు శిక్షణ ఇవ్వడంతో దాని కథ మొదలైంది. 1974లో ఈ ఊరికి మారింది. కొన్ని వారాలు కాలేజీలో ఉంటారు, మళ్లీ సొంతూరికెళ్లి అదే బడిలో పనిచేస్తూ చదువుకుంటారు. పిల్లల్ని, ముసలివాళ్లను వదిలి నాలుగేళ్లు హాస్టల్లో ఉండమంటే ఏ ఆడమనిషి వస్తుంది? వాళ్ల చదువు పద్ధతి పేరు 'రెండు వైపులా'. తెల్లవాళ్ల చదువు ఒకవైపు, తమ నేల చదువు ఇంకోవైపు. ఒకదాని కోసం ఇంకోటి పారేయక్కర్లేదు.

యిర్కలా అనే ఊరి టీచరు, భాషావేత్త రేమట్జా మారికా ఈ ఆలోచన గురించి చాలా రాశారు, మాట్లాడారు. యోల్ంగు వాళ్లు దాన్ని 'గన్మా' అంటారు. ఏటి మంచినీళ్లు, సముద్రం ఉప్పునీళ్లు ఎదురెదురుగా వచ్చి కలిసేచోటు. అక్కడ నురగ లేస్తుంది. రెండూ కలుస్తాయి కానీ ఏదీ రెండోదాన్ని మింగేయదు. అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసేది చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆవిడ 2008లో చనిపోయారు. ఇక్కడ టీవీలో ఆదివాసీల కార్యక్రమం వేస్తే, చనిపోయినవాళ్ల పేర్లు, ఫొటోలు ఉండొచ్చు అని ముందే ఒక హెచ్చరిక వస్తుంది. అందుకే ఈ పేరు రాయొచ్చా అని ఆంటీని అడిగాను. ఆవిడ పని గురించైతే రాయి అన్నారు.

ఆంటీ ఎక్కువగా తలుచుకునేది మిరియమ్ రోజ్ గారిని. డాలీ నది ఒడ్డున నౌయూ ఆవిడ ఊరు. 1975లో ఈ నార్తర్న్ టెరిటరీలో పూర్తి అర్హతలున్న మొట్టమొదటి ఆదివాసీ టీచర్ అయ్యారు. తర్వాత తమ ఊరి బడికే ప్రిన్సిపాల్. ఆవిడ బొమ్మలు కూడా వేస్తారు, పిల్లల చేత వేయిస్తారు. 'దదిరీ' అనే మాటను దేశమంతటికీ పరిచయం చేసింది ఆవిడే. అంటే మౌనంగా, తొందరపడకుండా, లోతుగా వినడం. 2021లో ప్రభుత్వం ఆవిడకు ఆ ఏటి సీనియర్ ఆస్ట్రేలియన్ పురస్కారం ఇచ్చింది. ఆ స్టేజీ మీద ఆవిడన్నది యూట్యూబ్‌లో విన్నాను. ఇన్నేళ్లూ మీ పద్ధతులు నేర్చుకోవడానికి మేం ఒకే దిక్కుకి నడిచాం, ఇప్పుడు మీరు మా వైపు రండి అన్నారు. గొంతు పెంచలేదు. నేనైతే మూడుసార్లు విన్నాను.

ఇంకా వెనక్కి వెళితే కడుపు మండుతుంది. మార్గరెట్ విలియమ్స్ వియర్ అనే ఆవిడ 1959లో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో డిప్లొమా పూర్తి చేశారు. ఈ దేశంలో యూనివర్సిటీ చదువు పూర్తి చేసిన తొలి ఆదివాసీగా ఆవిడ పేరే చెబుతారు. అప్పటికి న్యూ సౌత్ వేల్స్ బడుల్లో, తెల్లపిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే ఆదివాసీ పిల్లల్ని హెడ్మాస్టరు బయటికి పంపేయొచ్చు. ఆ వెసులుబాటు టీచర్ల నిబంధనల పుస్తకంలోంచి పోయింది 1972లో! అంటే మా అమ్మ కంటే కొంచెం పెద్దవాళ్ల కాలంలో. మేరీ ఆన్ బిన్ సాలిక్ గారి కథ మా డార్విన్‌లోనే మొదలైంది. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొంది పదిహేడేళ్లు నర్సుగా చేసి, ఆ తర్వాత కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. 1989లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. అక్కడ డాక్టరేట్ చేసిన మొదటి ఆస్ట్రేలియా ఆదివాసీ ఆవిడే.

ఇంత చదివాక కూడా నాకో సందేహం ఉండేది. ఆంటీతో వాదించాను కూడా. "మా దగ్గర అప్పులు చేసి మరీ ఇంగ్లీషు మీడియంలో వేస్తారు ఆంటీ. పిల్లల్ని ఇంటి భాషలో కూర్చోబెడితే రేపు ఉద్యోగాలెలా?"

"ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? నేను నీతో మాట్లాడుతున్నది ఏంటి?" అన్నారు. "మొదటి మెట్టు తీసేసి మూడో మెట్టు ఎక్కమంటే పిల్లలు ఎక్కరు. ఎక్కలేదని వాళ్లనే తిడతారు."

ఆ మెట్టు కోసం ఇక్కడ జరిగిన గొడవ చిన్నది కాదు. 1970ల్లో ఈ టెరిటరీలోని కొన్ని బడుల్లో రెండు భాషల చదువు మొదలైంది. చిన్న క్లాసుల్లో తల్లి భాష, క్రమంగా ఇంగ్లీషు. 1998లో దాన్ని తీసేస్తామన్నారు. ఊళ్లు ఒప్పుకోలేదు. 2008లో ప్రతి బడిలో రోజూ మొదటి నాలుగు గంటలూ ఇంగ్లీషే ఉండాలని ఆర్డరేశారు. ఆ ప్రకటన చేసిన విద్యామంత్రి కూడా ఆదివాసీ మహిళే. అందుకే ఇదంతా మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని విడగొట్టి చెప్పే కథ కాదు. పరీక్షల్లో మార్కులు పడిపోతున్నాయన్న బెంగ అందరిదీ. మందు దగ్గరే తేడా.

యిర్కలా బడి మాత్రం తన దారి వదల్లేదు. అక్కడ యల్మాయ్ యునుపింగు గారు నలభై ఏళ్లు పాఠాలు చెప్పారు. పుస్తకాలు లేకపోతే డాక్టర్ స్యూస్ పిల్లల కథల్ని తమ భాషలోకి తెచ్చి చెప్పారట. 2020లో ఆ బడి నుంచి ఎనిమిది మంది పిల్లలు యూనివర్సిటీ సీటుకి కావాల్సిన స్కోరుతో పన్నెండో తరగతి పాసయ్యారు. ఆ ఊరి చరిత్రలోనే మొదటిసారి. 2024లో సీనియర్ ఆస్ట్రేలియన్ పురస్కారం యల్మాయ్ గారిది. ఆ రోజు ఆంటీ సెంటర్‌కి కేక్ తెచ్చారని డైరెక్టర్ చెప్పింది.

మరి ఆంటీ సంగతి? చెప్తే నమ్మరు, ఆవిడకింకా డిప్లొమా లేదు. రెండుసార్లు చేరి రెండుసార్లు ఆగిపోయారు. మొదటిసారి డబ్బు. రెండోసారి అన్నగారు పోయారు. ఇక్కడ చావు అంటే ఒక్క పూట వెళ్లి పలకరించి వచ్చేది కాదు. చుట్టాలంతా వచ్చేదాకా, కర్మకాండ అయ్యేదాకా వారాల తరబడి ఉండాలి. మనింట్లో పదకొండో రోజు కాకముందే బయల్దేరతానంటే ఊరుకుంటారా? ఈవిడ నాలుగు వారాల తర్వాత తిరిగొస్తే, హాజరు లేదని కోర్సులోంచి పేరు తీసేశారు. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే ఆలోచించేవాళ్లమన్నారట. "జ్వరానికి కాగితం ఉంది. దుఃఖానికి కాగితం ఎవరిస్తారు?" అన్నారు ఆంటీ, నవ్వుతూనే.

అంటే వచ్చే ఏడాదికి నా డిప్లొమా వస్తుంది. ఆ గదిలో జీతం, హోదా నావి ఎక్కువవుతాయి. బుడ్డోడు నీళ్లడుగుతున్నాడని కూడా తెలియని నావి! ఈ లెక్క నేను చెబితే ఆవిడ, "అయితే కూర్చుని నాకు టైపింగ్ నేర్పు" అన్నారు. ఇప్పుడు మూడోసారి చేరారు. ఆవిడతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, అందరూ అసిస్టెంట్లే. గురువారం సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుంటాం. ఫైళ్లు అప్‌లోడ్ చేయడం, కోర్సు ఇంగ్లీషుని మామూలు ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఒక్కొక్కరే చదవడం వాళ్లకు నచ్చదు. ఒక ప్రశ్న మీద నలుగురూ గంట మాట్లాడుకుని, ఆ తర్వాతే రాస్తారు. మొదట్లో టైమ్ వేస్ట్ అనుకున్నా. ఆ గంటలో వినేవి మా కోర్సు పుస్తకంలో ఎక్కడా లేవు.

బుడ్డోడి రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు ఉందని తేలింది. వైద్యం నడుస్తోంది. వాడితో మాట్లాడేటప్పుడు దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకి వంగి మాట్లాడుతున్నాం. నా రిపోర్టు మళ్లీ రాశాను. మొదటి వాక్యం: "ఈ పిల్లవాడు ఇంట్లో మూడు భాషలు వింటూ పెరుగుతున్నాడు." ఆంటీ చదివి ఒక కామా మార్చారు.

కిందటి నెల చర్లలో అప్పటి నా తోటి టీచర్‌కి ఫోన్ చేశాను. రెండు పిలకల పిల్ల గుర్తుందా అని. పేరు చెప్పినా గుర్తు రాలేదు. గూడెంలో చాలా కుటుంబాలు మిరప కోతలకు పోతూ వస్తూ ఉంటాయి కదా, కనుక్కుంటానంది. మళ్లీ ఫోన్ రాలేదు. నేనే చేయాలి.

ఇది రాస్తుంటే ఆంటీ మెసేజ్. గురువారం నాలుగో యూనిట్ పూర్తి చేయాలట. ల్యాప్‌టాప్ ఛార్జర్ తెమ్మన్నారు, కిందటిసారి తెచ్చిన ఆవకాయ కూడా. నేనింకా ఆవిడను ఆంటీ అనొచ్చో లేదో ఖాయంగా చెప్పలేదు. అంటే పలుకుతున్నారు మాత్రం.